మా దేవుని పండగ

"సరిగ్గ ఎనిమిదింటికి గేటు కాడుండాలె. మేడం రెండుసార్లు చెప్పింది," అన్నాడు డ్రైవర్ ఇర్షాద్.

గంగులమ్మ తల ఊపి కారు దిగింది.

రెండేళ్ళకని కడప నుంచి మస్కట్ వచ్చింది. ఇప్పటికి నాలుగున్నరేళ్ళు. పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉంది. అడిగినప్పుడల్లా "వచ్చే నెల" అంటుంది మేడం.

ఈ గంట సెలవు కూడా అబద్ధమాడి తెచ్చుకున్నదే. "ఈరోజు మా దేవుని పండగ మేడం," అని.

బుద్ధుడి పండగ ఎలా ఉంటుందో ఆమె పుట్టి ఎరగదు.

ఈ పండగ సంగతి చెప్పింది పక్కింట్లో పనిచేసే రమణి. ఇద్దరూ కలుసుకునేది వీధి చివర చెత్తడబ్బా దగ్గరే.

"శ్రీయాని నోనా అని శ్రీలంకావిడ ఉందంటక్కా. మనలా ఇరుక్కుపోయినోళ్ళని ఎంతమందినో ఎంబసీకి చేర్చి ఇళ్ళకి పంపించేసిందంట. శుక్రవారం వాళ్ళ లాంతర్ల పండక్కి వస్తాదంట. ఆ రాత్రే విమానం ఎక్కేస్తాది. ఇంక రాదు."

"మనిసి ఎట్లుంటాది?"

"నేనెక్కడ చూశానక్కా! ఎంబసీ వాళ్ళే మాట వింటున్నారంటే, గొప్పావిడే అయ్యుంటాది."

గేటు దాటితే, పండగ జరుగుతున్న బడి ఆవరణ నిండా కాగితపు లాంతర్లు. తామరపూలు, నక్షత్రాలు. తెల్లబట్టల జనం.

గంగులమ్మ కళ్ళద్దాలు, ఖరీదైన చేతిసంచీ ఉన్న గొప్పావిడ కోసం వెతికింది.

షర్బత్ పంచుతున్న మనిషి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగింది. "శ్రీయాని నోనా?"

"ఇక్కడే ఎక్కడో ఉంది," అని అతను గ్లాసు చేతిలో పెట్టాడు.

"ఏయ్ అమ్మా! ఈ కొస పట్టుకో."

వచ్చీరాని హిందీ. తిరిగి చూస్తే ఒక ముసలామె. వెలిసిన తెల్లచీర, పగిలిన మడమలు, సబ్బునీళ్ళకు ఒరిసిపోయిన వేళ్ళు. పొడవాటి కర్ర ఒక కొస పట్టుకుని నిలబడింది. కర్ర మధ్య పెద్ద లాంతరు వేలాడుతోంది.

"నాకు పనుంది," అంది గంగులమ్మ.

"ఒక్కదాన్ని మోయలేను. ఒక్క చుట్టే."

అది ఊరేగింపని పట్టుకున్నాక గాని తెలియలేదు. ముందు లాంతర్లు, వెనక లాంతర్లు. వదిలేస్తే లోపలి కొవ్వొత్తి పడి కాగితం అంటుకుంటుంది.

"ఎవరింట్లో పని?" అడిగింది ముసలామె.

గంగులమ్మ ఉలిక్కిపడింది. కిందటేడు ఎదురింటి వంటామెతో కష్టం చెప్పుకుంటే సాయంత్రానికల్లా మేడంకు చేరింది. మూడు వారాలు చెత్తడబ్బా దాకా కూడా పోనివ్వలేదు. అప్పట్నుంచి ఎవరడిగినా ఒకటే జవాబు.

"మంచి ఇల్లు. మా మేడం బంగారం."

"వచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఏడాది."

"పాస్‌పోర్టు?"

"నా దగ్గరే ఉంది."

"నీ గదికి గడియ లోపలుందా, బయటుందా?"

ఎవరు పంపారో ఈ ముసలిదాన్ని! "లోపలే."

లాంతరు పక్కనుంచి ముసలామె ఆమె ముఖంలోకి చూసింది.

"భయపడకు. ఇంటికి పోవాలని ఉందా?"

గంగులమ్మ కర్ర సర్దుకుని నవ్వింది.

"ఎందుకు? ఇక్కడే బాగుంది."

"అలాగైతే మంచిదే తల్లీ."

చుట్టు పూర్తయింది. ముసలామె కర్ర వేరేవాళ్ళకు అందించి, గడియారం చూసుకుని, గంగులమ్మ చెంప నిమిరి జనంలో కలిసిపోయింది.

పీడ వదిలిందనుకుంది గంగులమ్మ. కళ్ళద్దాలున్న ప్రతి మనిషి ముందూ నిలబడి అడిగింది. ఒకరు కాదన్నారు. ఒకరు నవ్వి ఫొటో తీసుకున్నారు. ఇంకొకరు పులిహోర లాంటిదేదో పెట్టారు.

గేటు దగ్గర హారన్ మోగింది. మళ్ళీ మోగింది.

కారు తలుపులు టక్కున లాక్ అయ్యాయి. గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇర్షాద్ అద్దంలోంచి చూశాడు. అతని చెవిన పడితే మేడం చెవిన పడ్డట్టేనని ఇంట్లో అందరికీ భయం.

"ఏడుస్తున్నవా? ఏడువు, మంచిదే. పని అయింది గద."

"ఏం పని? నేను దీపాలు సూసొస్తి, అంతే."

"నాకు తెల్వదనుకున్నవా? మేడంకు చెప్పనులే. మా చెల్లె సిద్రాను ఊరికి తోలిచ్చింది గూడ ఆమెనే. మీరు మాట్లాడుకోని అనే గద, గేటుకాడికెల్లి చూసి గూడ మొఖం ఇటు తిప్పుకొని కూసున్న."

"ఎవురు?"

"ఇంకెవరమ్మా, ఇంతసేపు నీతోని లాంతరు మోసిన శ్రీయాని నోనా!"