వేడి మీద ఆపిన ఇంజను

శేషగిరి గుద్దిన గుద్దుకి ఇస్సాకు పెదవి చిట్లింది. అది చాలక వీల్ స్పానర్ అందుకుని భుజం మీద ఒక్కటి వేశాడు.

"టర్బో పాడుచేశావు కదరా! ముసలిది, కనిపెట్టుకుని తోలరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

లారీ ఓనరు కొడుతుంటే డ్రైవర్ ఇస్సాకు చెయ్యి అడ్డం పెట్టలేదు. ఈ స్టీరింగు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

పక్కనే తెనాలి షెడ్డు మెకానిక్ మస్తాన్, ఇంజనులోకి గాలి తోసే ఆ టర్బో ఇరుసును వేలితో ఊపి చూశాడు. వదులుగా కొట్టుకుంటోంది.

"లోడుతో వచ్చిన ఇంజన్ని కాసేపు ఊరికే ఆడనివ్వాలి. వేడి మీదే ఆపేస్తుంటే లోపల ఆయిలు మాడి, ఇరుసు తిరిగే బుష్ అరిగిపోయింది. ఎవరయ్యా ఆపేది?"

"రేపల్లెలో ఇంటి ముందు బండి ఆగీ ఆగకముందే అయ్యగారే తాళం లాక్కుంటారు భాయ్, డీజిల్ కలిసొస్తుందని," అన్నాడు ఇస్సాకు.

"డీజిలా?" శేషగిరి ఊగిపోయాడు. "స్టూవర్టుపురం వాడి చేతిలో తాళం వదిలేస్తే తెల్లారేసరికి లారీ ఉంటుందంట్రా?"

ఇన్నేళ్లూ మా అయ్యగారు మహా పొదుపరి అని ఇస్సాకు ఊరంతా చెప్పుకున్నాడు.

స్పానర్ మళ్లీ లేచింది. ఇస్సాకు దాన్ని గాలిలోనే పట్టుకుని, ఓనరు మణికట్టు పటుక్కుమనేదాకా మెలితిప్పాడు.

మస్తాన్ విడిపించడానికి పోలేదు.