మాడిన వెల్లుల్లి

"మాడిపోతోందక్కా" అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి.

"మాడనీ" అంది అక్క.

గిన్నెలో వెల్లుల్లి నల్లబడింది. పొగ వంటగదంతా కమ్ముకుంది. ఆమె గరిటె పట్టుకుని నిలబడిందే గానీ మంట తగ్గించలేదు. అసలామె చూపు గిన్నె మీద ఉంటేగా. మూలన చక్రాల కుర్చీలో కూర్చున్న తండ్రి మీద ఉంది.

ఇదేం విడ్డూరం అని మీరనుకోవచ్చు. ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట మేస్త్రి. పూటకు మూడు వందల మందికి వండి పెట్టిన చెయ్యి. కూతురి వంటకు వంక పెట్టకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. వారంలో మాట వస్తే వచ్చినట్టు, లేకపోతే ఆశ పెట్టుకోకండి అన్నాడు డాక్టరు. ఇవాళ ఏడో రోజు. మనవల చేత పిలిపించారు, పాత ఫొటోలు చూపించారు, ఆయనకిష్టమైన పాటలు పెట్టారు. ఊహూ. ఇక మిగిలింది ఒక్కటే అనుకుంది కూతురు. ఆయన కళ్ళముందే పప్పు తగలెయ్యాలి. తిట్టడానికైనా నోరు తెరుస్తారు కదా.

"నాన్నా, ఇటు చూడు. పప్పు కడక్కుండానే వేసేస్తున్నా."

ఆయన చూశారు. అంతే.

"ఉప్పు కూడా ఇప్పుడే. ఉడక్కముందే వేసేస్తున్నా, గుప్పెడు."

ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. తమ్ముడికి ఒళ్ళు మండింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? జబ్బు మనిషిని పట్టుకుని ఏడిపిస్తావేంటి?"

"ఏడవనీరా. ఏదో ఒకటి చెయ్యమనే నేను మొత్తుకుంటోంది."

క్యారెట్లను తొక్క కూడా తియ్యకుండా నాలుగు వేట్లు వేసి పడేసింది. ఒక్కో ముక్క ఒక్కో సైజు. టమాటాలు చేత్తో పిసికి వేసింది. కుతకుతలాడుతున్న పప్పులో చెంబెడు చన్నీళ్ళు కుమ్మరించింది. క్యాంటీన్‌లో ఎవరైనా ఇందులో సగం చేసుంటే ఆ పూటే ఇంటికి పంపేసేవారు ఆయన. ఇప్పుడు మాత్రం తనకు పట్టనట్టు కూర్చున్నారు. చివరికి ఆమె గిన్నె మీద మూత బిగించి, మంట పెద్దది చేసి వదిలేసింది. పప్పు పొంగి స్టవ్ నిండా కారింది. మంట ఆరిపోయింది.

ఆమెకు ఓపిక అయిపోయింది. తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది.

"ఒక్క తిట్టు తిట్టు నాన్నా. నీకు దణ్ణం పెడతా. ఇన్నేళ్ళూ తిట్టావుగా, ఇవాళేమొచ్చింది నీకు?"

తమ్ముడు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంక చాల్లే అక్కా. లే."

అప్పుడు ఆయన ముక్కుపుటాలు కదిలాయి. పెదవి ఒక పక్కకు లాగింది. గొంతులో ఏదో గురగురలాడింది.

"వెల్... వెల్లుల్లి... మాడింది."

ఇద్దరూ కొయ్యబారిపోయారు. ముందు తేరుకుంది ఆమే.

"అవును నాన్నా, మాడింది. ఇంకా? ఇంకా ఏం తప్పు చేశానో చెప్పు."

"పప్పు... కడగలేదు. ఉప్పు... ముందే పడింది."

మాట ముద్దగా ఉంది, కానీ అన్నీ ఆయన చూసి పట్టుకున్నవే. తమ్ముడు డాక్టరుకు చెప్పడానికి ఫోన్ కోసం ముందు గదిలోకి పరుగెత్తాడు. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు. తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుని చెంపకు ఆనించుకుంది. చచ్చి బతికినట్టయింది ఆమెకు.

"ఇప్పుడేం చెయ్యమంటావు? నువ్వెలా చెబితే అలా వండుతా నాన్నా."

ఆయన తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నారు. ఆమె ముఖంలోకి సూటిగా చూశారు.

"మీరు... లేవండమ్మా. మా అమ్మాయిని పిలవండి... పప్పు వండాలంటే నా తర్వాత అదే."