మెట్ల వైపు కుళాయి

ఆ ప్రయోగశాలలో కుళాయిల పక్కనున్న స్టూలుకి ఒక కాలు పొట్టి. మనవరాలికి క్యారేజీ తెచ్చిన పాపానికి నన్ను దాని మీద కూర్చోబెట్టారు. ఇంతమంది ఇంజినీర్లలో దానికింద ఓ చెక్కముక్క పెట్టే నాథుడు లేడు.

నా మనవరాలు మంచమంత బొమ్మడ్యాములు రెండు చేసింది. నీళ్లు దిగే వాలు ఒకదానికి నున్నగా ఉంది, రెండోదానికి మెట్లున్నాయి. మెట్టు మెట్టుకీ పడి, నురగలు కక్కి, కిందికొచ్చేసరికి నీళ్ల పొగరు అణుగుతుందని దాని వాదన. మెట్లు దండగంటాడు పెద్ద ఇంజినీరు. ఇవాళ ఆయన కాదంటే దాని కష్టమంతా నీళ్లపాలే.

"తాతగారూ, ఊరికే ఊగుతున్నారుగా, రెండు కుళాయిలూ సమానంగా తిప్పండి," అన్నాడాయన, నున్నటి వాలు కింద నిలబడి. మనవరాలు మెట్ల కింద నిలబడింది.

"తాతయ్యా, వేషాలెయ్యకు!"

"నాకేం తెలుసే తల్లీ, అమాయకుణ్ణి," అని తిప్పాను.

నున్నటి వాలు మీంచి నీళ్లు దూసుకొచ్చి, తొట్టి గట్టు దూకి, ఆయన ప్యాంటు మోకాళ్లదాకా తడిపేశాయి. మెట్ల కింద నీళ్లు మాత్రం పాలు తాగిన పిల్లిలా సద్దుమణిగాయి.

"సరేనమ్మా, మెట్లే కడదాం," అన్నాడాయన ప్యాంటు పిండుకుంటూ.

ఇంటిదారిలో మనవరాలు మురిసిపోయింది. "చూశావా తాతయ్యా, రెండిటికీ సమానంగా వదిలేసరికి నిజం తేలిపోయింది!"

"తేలింది తల్లీ," అన్నాను.

సమానంగా ఎక్కడ వదిలాను? దాన్ని తడిపి ఏడిపిద్దామని మెట్ల వైపు కుళాయి రెండింతలు తిప్పాను. దొంగపిల్ల, దానికి పాదం కూడా తడవలేదు.