మొదటి పీరియడ్‌లో ప్రయాణం

కారు డిక్కీలో ఒక్కటే పెట్టె. ఇంకోదానికీ చోటుంది. పెట్టడానికే ఏమీ లేదు.

రెండు బడుల్నీ ఒక ఆసుపత్రినీ నిలబెట్టిన పెద్ద మదర్ వెనక సీట్లో కూర్చుంది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇక మీదట కొండ మీద, ముసలి సిస్టర్లుండే ఇంట్లో విశ్రాంతి.

బదిలీ అయినవాళ్ళు మొదటి పీరియడ్ నడుస్తుండగా వెళ్ళిపోవాలి. సభలూ ఏడుపులూ కూడదు. ఆ నియమం ఆవిడ పెట్టిందే.

వీడ్కోలంటే ఆవిడ దృష్టిలో దండగమారి బేరం. పిల్లలకు ఒక పూట చదువు నష్టం, వెళ్ళేవాళ్ళకు ఒక తడి రుమాలు లాభం.

తన బదిలీ రోజున వంట సిస్టర్ ఒక్కతే ఎదురు చెప్పింది.

"పిల్లల్ని ఒక్కసారి చూసి పోతాను మదర్. చూస్తే ఏం తరిగిపోతుంది?"

"చూస్తే ఏం కలిసొస్తుంది?"

వంట సిస్టర్ కారెక్కింది.

ఇవాళ డ్రైవర్ ఇంజను స్టార్ట్ చేశాడు.

"కాస్త ఆగు నాయనా."

"ఏమైనా మర్చిపోయారా మదర్?"

"లేదు. ఎండ తగ్గనీ."

పొద్దున్నే ఎండేమిటని అతను అడగలేదు. ఇంజను ఆపేశాడు.

తరగతుల్లోంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి. కిటికీల్లో ఒక్క తల లేదు. అవతల ఆసుపత్రి వరండాలోనూ ఎవరూ లేరు, నర్సులంతా వార్డుల్లో ఉన్నారు.

అంతా ఆవిడ నేర్పినట్టే. ఎక్కడా పొల్లు పోలేదు.

"ఇక పోనీ."

వాచ్‌మన్ గేటు తెరిచాడు. అదే అదనుగా ఒక చిన్నపిల్ల లోపలికి దూరింది. ఈ వారమే బళ్ళో చేరిన పిల్ల. ఒక బూటు లేసు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, కారు కిటికీ పట్టుకుని రొప్పింది.

"సిస్టరమ్మా, పెద్ద మదర్ నన్ను చూసిందా? లేటయితే తోలు తీస్తుందంట. మా అక్క చెప్పింది."

డ్రైవర్ ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆవిడ వెళ్ళిపోయింది."

"మళ్ళీ రాదా?"

"రాదు."

"హమ్మయ్య!"

పిల్ల మొహం విప్పారింది. పరుగందుకోబోయింది.

"ఆగు. ఆ లేసుతో పరిగెడితే మూతి పగులుతుంది."

ఆవిడ కారు తలుపు తీసింది. పిల్ల కాలు చాపింది.

మదర్ వంగి ముడి వేసింది. గట్టిగానే పడింది.

విప్పి, మళ్ళీ మొదటినుంచి కట్టడం మొదలుపెట్టింది.