పిస్తా రంగు ఊద్

మామగారు పోయిన నలభయ్యో రోజు లోపల ఆయన ఊద్ దొంగల పాలవ్వాలని షాహినాజ్ నిశ్చయించుకుంది. ఆ పనికి నమ్మకమైన దొంగ దొరకక తనే పూనుకుంది.

మామగారు హాజ్ సిద్కీ పోయేముందు అందరినీ మంచం చుట్టూ పిలిచి చెప్పారు. షుబ్రాలోని ఫ్లాటు షాహినాజ్ మొగుడైన పెద్దకొడుకు ఫిక్రీకి, తను జీవితమంతా వాయించిన తీగల వాద్యం, ఆ ఊద్, చిన్నకొడుకు నషాత్‌కి. ఫ్లాటు గురించి మామగారు అన్న మాట షాహినాజ్‌కి శిరోధార్యం. ఊద్ గురించి అన్నది మాత్రం, పాపం, జ్వరంలో అన్న మాట.

నషాత్‌కిస్తే ఏమొస్తుంది? పాట వస్తుంది. అదే కువైట్ ఆసామి ఒకడు చెప్పిన ధరకి అమ్మితే ఉత్తర తీరంలో ఒక వేసవి ఇల్లే లేస్తుంది.

"తమ్ముడు అలమారలన్నీ వెతుకుతాడే," అన్నాడు ఫిక్రీ భయంగా.

"వెతకనీ. గోడకి వేలాడేదాన్ని ఎవరు వెతుకుతారు? నువ్వు నోరు మూసుకో, చాలు. అది నీకు బాగా అలవాటేగా."

కైరోలో తీగ మీటే ప్రతివాడికీ ఆ వాద్యం తెలుసు. అందుకని వాద్యాల కొట్లన్నీ ఉన్న మొహమ్మద్ అలీ వీధివైపు ఆమె కన్నెత్తి చూడలేదు. దుప్పటిలో చుట్టి, నైలు దాటి, ఇంబాబా సందుల్లో ఊద్‌లు బాగుచేసే ముసలి మేస్త్రీ, ఉస్తా బిషారా కొట్టు పట్టుకుంది. మామగారు దాన్ని మరమ్మతుకి ఎక్కడికి మోసుకెళ్ళేవారో ఆమె ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

బిషారా దుప్పటి విప్పాడు. ఒక్క తీగ మీటాడు. అది మోగడం ఆగేదాకా చెవి ఒగ్గి విన్నాడు.

"ఎవరిది మేడమ్?"

"మా నాన్నది. రంగు వెయ్యాలి. పిస్తా రంగు. అంచుకి బంగారు గీత."

"పిస్తానా?" బిషారా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "తేనె రంగు అడుగుతారు, నలుపు అడుగుతారు. మొన్న ఒక పెళ్ళికొడుకు ఎరుపు అడిగితేనే మా ఆవిడ వారం నవ్వింది."

"మా సోఫాలు పిస్తా రంగువి."

"అలా చెప్పండి. వీపుకి వేస్తాను. ముఖానికి మాత్రం రంగు వెయ్యరమ్మా. చెక్కకి ఊపిరాడదు."

"ముఖానికే ముందు వెయ్యాలి. ఆ మచ్చ కనపడకూడదు."

మచ్చ ఆమె స్వహస్తాలతో పెట్టిందే. కొత్తకోడలుగా వచ్చిన ఏడాది, దిండుమీద వెల్లకిలా ఉన్న ఊద్‌ని బల్ల అనుకుని దాని ముఖం మీద పొగలు కక్కే టీ గ్లాసు పెట్టింది. పూత లేని చెక్క ఆ గుండ్రటి గుర్తుని మళ్ళీ వదల్లేదు. మామగారు రంజాను వెళ్ళేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఆ నెల ఆమెకి ఎంత ప్రశాంతంగా గడిచిందో!

"తర్వాత గీకితే పోతుందిగా, ఈ రంగు?" అంది లేస్తూ.

"పోతుంది. కానీ నేను వేశాక మీరే గుర్తుపట్టలేరు మేడమ్."

"నాక్కావలసిందీ అదే," అంది షాహినాజ్.

మాట నిలబెట్టుకున్నాడు. తిరిగొచ్చిన వస్తువుని ఆమె నిజంగానే గుర్తుపట్టలేకపోయింది. ఇంత పనితనం ఇంబాబాలో మూల పడి ఉందని జాలిపడి, అడిగినదానికన్నా తక్కువే ఇచ్చి వచ్చింది.

నలభయ్యో రోజున ఖురాను చదివినవాళ్ళు వెళ్ళిపోయాక, నషాత్ చక్కెర లేని కాఫీ పట్టుకుని సరిగ్గా ఆ పిస్తా రంగు ఊద్ కిందే కూర్చున్నాడు. షాహినాజ్ దొంగల కథ ఎత్తుకుంది. కిటికీ ఊచలు వంచారంది. వంచిన ఊచలు చూపించింది. పాపం ఫిక్రీ వాటితో ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాడు.

"ప్రాణమే పోయింది, వాద్యం ఎంతలే వదినా," అని నషాత్ తల పైకెత్తాడు. "ఇదేంటి?"

"మా అమ్మాయి ముచ్చటపడితే కొన్నాం. ఎలా ఉంది?"

"ఈ రంగు ఎవరు ఎంచారు?"

"నేనే."

"అనుకున్నా. ఇంకొకరికి తట్టదు." దించి ఒళ్ళో పెట్టుకుని మీటాడు. డబ్బా కొట్టినట్టు మోగింది. "శబ్దం కూడా రంగుకి తగ్గట్టే ఉంది వదినా!"

ముఖానికి రంగు పడితే చెక్కకి ఊపిరాడదన్న ముసలాడి మాట నిజమే, గీకించాకే కువైట్ వాడికి చూపించాలి అనుకుంది షాహినాజ్. ఇంతలో నషాత్ భుజాలు కదిలాయి. అతను రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. పాపం, తండ్రి గుర్తొచ్చాడు కాబోలని ఆమె ఇంకో కప్పు కాఫీ పోసింది. ఉదారంగానే పోసింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "గురువారం నాన్న పేరున కచేరీ పెట్టాను. మీరిద్దరూ ముందు వరసలో ఉండాలి."

"దేంతో వాయిస్తావయ్యా?"

"ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇవ్వకపోడు వదినా."

ఈ వినోదం వదులుకోవడం ఎలా? గురువారం షాహినాజ్ కొత్త పట్టు స్కార్ఫు కట్టుకుని ముందు వరస నడిమధ్యన కూర్చుంది. అరువు వాద్యంతో మరిది తిప్పలు పడుతుంటే ఏ సమయంలో నిట్టూర్చాలో కూడా అనుకునే వచ్చింది.

తెర లేచింది. నషాత్ ఒళ్ళో పాత గోధుమరంగు ఊద్ ఉంది. మొదటి తీగ మోగేసరికి పక్కన ఫిక్రీ, "నాన్న..." అని గొణిగాడు. షాహినాజ్ ముందుకి వంగింది. ఊద్ ముఖం మీద, దీపాల వెలుగులో, గుండ్రంగా, నిండుగా, ఆమె టీ గ్లాసు మచ్చ.

వెనక వరసలోంచి ఉస్తా బిషారా ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఇప్పుడు గుర్తుపట్టారా మేడమ్?"