సంగయ్య జీపు టైర్లు

“గా పాత టైర్లు నీకు ఇయ్యనన్నా,” అన్నాడు పటాన్‌చెరులో టైర్ల షాపు నడిపే అనంతయ్య.

జీపు సంగయ్యకు అనుమానం వచ్చింది. “ఇప్పుడే ఇంకొకాయనకు ఇస్తివి గద.”

“ఆయన ఎడ్లబండికి ఏసుకుంటడు. నీ జీపుల మనుషులు పోతరు.”

“కర్దనూర్ నుంచి కంపెనీ దాంక ఎంత దూరం? కొత్తవి అంటగట్టాలని సూస్తున్నవ్.”

అనంతయ్య పాత టైరును వంచి, రబ్బరు అడుగున తేలిన దారాలు చూపించాడు. అయినా సంగయ్య నమ్మలేదు. “నన్ను బుట్టల ఎయ్యకు.”

“పొద్దుగాల షిఫ్టుకు మా బిడ్డ సుగుణ నీ జీపులనే పోతది.”

రోజూ ఎక్కే పన్నెండు మంది ఆడవాళ్లలో సుగుణ ఎవరో సంగయ్యకు తెలియలేదు. ఆయన ఎవరి పేరూ ఎన్నడూ అడగలేదు.

“యాడ కూసుంటది?”

“ఎనుక, తలుపు కాడ.”

సంగయ్య ఆ పాత టైరును పక్కకు జరిపాడు.

“నాలుగు కొత్తవి దించు,” అన్నాడు.