సెనేటర్‌గారు ఎరిగిన మనిషి

"మనకు నిజంగా తెలిసినవాళ్ళెవరైనా పోయారా?" అని బెనీతెస్ అడిగేసరికి ప్రచార కార్యాలయంలో అందరూ తలలు వంచుకున్నారు. అధ్యక్ష ఎన్నికలకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ప్రచారం మొత్తం బెనీతెస్ చేతిమీదే నడుస్తోంది. ఆయనకు నిన్నటినుంచీ అన్నం సయించడం లేదు.

కారణం నిన్నటి టీవీ చర్చ. శవాన్ని వారం రోజులు ఇంట్లో ఉంచి, వచ్చేపోయేవాళ్ళకు కాఫీ, బిస్కెట్లు పెట్టే దేశంలో చావింటికి మించిన ప్రచారం లేదు. నాయకులంతా వెళ్తారు. సెనేటర్ అల్కారాస్ అయితే రోజుకు ఆరిళ్ళకు వెళ్తాడు, ఆరిళ్ళలోనూ ఏడుస్తాడు. పోటీలో ఉన్న గవర్నర్ సోలెదాద్ మాత్రం ముక్కూమొహం తెలియని శవం ముందు ఏడవనని మొదటినుంచీ భీష్మించుకు కూచుంది. ఆవిడకు గుండె లేదని జనం చెప్పుకుంటూ ఉండగా, నిన్న చర్చలో ఆవిడ నెమ్మదిగా ఒక ప్రశ్న వేసింది.

"సెనేటర్‌గారూ, ఈ నెలలో మీరు ఎవరెవరికోసం ఏడ్చారో వాళ్ళలో ఒక్కరి పేరు, చీటీ చూడకుండా చెబుతారా?"

ఆయన చెయ్యి చీటీకోసం జేబులోకి వెళ్ళింది. దేశమంతా నవ్వింది.

ఆ చీటీలు రాసేది మరివిక్. పోయిన మనిషి గురించి మూడు ముక్కలు కనుక్కుని, అరచేతిలో ఇమిడే చీటీ మీద రాసి, కారు దిగేముందు సెనేటర్‌కి అందించడం ఆమె పని. అబద్ధం ఒక్కటి కూడా రాసేది కాదు. వాటికి ఆయన ఎన్ని కలిపినా ఆ పాపం ఆయనదేనని సరిపెట్టుకునేది. గెలిస్తే అధ్యక్ష భవనంలో ఉద్యోగం ఇస్తామన్నారు.

"రేపు మధ్యాహ్నంలోగా సెనేటర్‌గారు ఎరిగిన చావు ఒకటి కావాలి," అన్నాడు బెనీతెస్. "టీవీవాళ్ళను పిలిచేశాను. దొరక్కపోతే చీటీలు రాసేవాళ్ళతో కూడా నాకు పనిలేదు."

ఆ మాట తనకేనని మరివిక్‌కి తెలుసు. పొద్దున ఆమె ఒక సంగతి చెప్పుకుందామని ఆయన గదికి వెళ్ళింది. నోరు తెరవకముందే, సెలవు మాటైతే ఎన్నికలయ్యాక మాట్లాడదామని ఆయన తలుపు చూపించాడు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ, మూడు వారాలుగా నిద్రలేని ఆ కార్యాలయంలో అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి.

అయిదు నిమిషాల తర్వాత ఆమె ఒక పేరు చెప్పింది. పిలార్ టీచరు, బతాంగాస్ సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. ఇరవై ఏళ్ళ క్రితం అల్కారాస్ మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు మూడు వారాలు ఆ ఇంట్లోనే మకాం పెట్టాడు. రోజూ వండి పెట్టింది టీచరే.

"సోలెదాద్ మనుషులు ఆరా తీస్తారు. నిజమేనా?" అన్నాడు బెనీతెస్.

నిజమేనని, ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారని ఆమె అంది. బెనీతెస్ ఆ రోజు మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు కారులో సెనేటర్ ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నాడు. మొహం గుర్తురాలేదు. చింతకాయ పులుపుతో చేపల సినిగాంగ్ పులుసు చేసి పెట్టింది ఈవిడేనా అని అడిగాడు. అవునంది మరివిక్.

"పులుసు గుర్తుంది. ఇవాళ చీటీ వద్దులే," అన్నాడాయన.

ఆ మాత్రమైనా గుర్తున్నందుకు మరివిక్‌కి సంతోషం కలిగింది.

ఆ ఇంట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. కారు దిగగానే ఒక ముసలావిడ మరివిక్‌ని పట్టుకుని భోరుమంది. చావు జరిగిన ఇళ్ళలో దొరికినవాళ్ళను పట్టుకుని ఏడవడం మామూలే కనుక కెమెరావాళ్ళు ఆవిడను దాటుకుని సెనేటర్ వెంట లోపలికి పరుగెత్తారు.

సెనేటర్ శవపేటిక అద్దం మీద చెయ్యి వేశాడు. పేరు తప్పుపోలేదు. పులుసు దగ్గర మొదలుపెట్టి మూడు వారాలను మూడేళ్ళు చేశాడు. తనకు ప్రజాసేవ నేర్పింది ఈ తల్లేనన్నాడు. మైకు పట్టుకున్న మరివిక్ పేటికవైపే చూస్తూ దాన్ని కిందికి దించేస్తే, తనే దాన్ని సరిగ్గా పట్టుకున్నాడు.

"ఈవిడ పిల్లలు నా ఒళ్ళో పెరిగారు," అన్నాడు. "కళ్ళకు గంతలు కట్టినా, ఒక్క మాట వింటే చాలు, గుర్తుపడతాను."

ఊరంతా ఏడ్చింది. మొన్న చర్చ చూసి నవ్విన విలేకరి కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సోలెదాద్ పని అయిపోయినట్టేనని, అధ్యక్ష భవనంలో కుర్చీ ఖాయమని బెనీతెస్ మరివిక్ చెవిలో ఊది బయటికి నడిచాడు. ఆమె ఎలాగైనా ఇక్కడికి రావాలనుకుంది, వచ్చింది.

సెనేటర్ ఇంటివాళ్ళు పెట్టిన బిస్కెట్ తిని, కాఫీ తాగి, వాకిట్లోకి దిగాడు. కారెక్కబోతూ వెనక్కి చూస్తే మరివిక్ గుమ్మం లోపలే ఆగిపోయి ఉంది.

"ఏమ్మాయ్, రావేం? ఇంకా మూడిళ్ళు తిరగాలి."

"గుమ్మం దాటకూడదు సార్. చావింటివాళ్ళు వచ్చినవాళ్ళను సాగనంపరు కదా."

"ఆ పట్టింపు ఇంటివాళ్ళకమ్మా, నీకెందుకు?" అన్నాడాయన నవ్వుతూ.

"ఆవిడ మా అమ్మ, సార్."